బండి మీద పసిపిల్లలకు సేఫ్టీ బెల్టు: ఏది కొనాలి, ఏది వద్దు

పిల్లల సేఫ్టీ బెల్టు పేరుతో ఆన్‌లైన్‌లోనూ బజార్లోనూ అమ్ముతున్న సరుకులో చాలా భాగం ఉత్త నడుం పట్టీ. బండి నడిపేవాళ్ల నడుముకు ఒక చుట్టు, పిల్ల పొట్టకు ఒక చుట్టు, రెంటికీ మధ్య జానెడు పట్టీ. ధర రూ.300 చుట్టూ ఉంటుంది కాబట్టి ఎక్కువమంది దీన్నే కొంటున్నారు. ఇది కొనకండి. పిల్లకు చొక్కాలా తొడిగి, పట్టీలు పెద్దవాళ్ల రెండు భుజాల మీదుగా వచ్చే రకం ఒకటుంది. కొంటే అదే కొనాలి. రెంటికీ తేడా డబ్బులో కొద్దిగానే, పనిలో మాత్రం చాలా ఉంది.

ముందు చట్టం సంగతి. 2022 ఫిబ్రవరి 15న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధనకు కొత్త ఉపనిబంధన చేర్చారు. అది 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. నాలుగేళ్లలోపు పిల్లను బండి మీద తీసుకెళ్తే ఆ పిల్లను నడిపేవాళ్లకు బెల్టుతో కట్టాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. బెల్టు తేలిగ్గా, సర్దుకునేలా, నీళ్లకు పాడవకుండా ఉండాలనీ, 30 కిలోల బరువు ఆపాలనీ కూడా అందులోనే ఉంది. నాలుగేళ్లు దాటిన పిల్లకు హెల్మెట్ ఎలాగూ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 కిందే తప్పనిసరి. వీటిని మీరితే సెక్షన్ 194డి ప్రకారం రూ.1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు.

ఆ నిబంధన బెల్టు ఎలా ఉండాలో కూడా వివరిస్తుంది. పిల్ల ఒంటికి చొక్కా, దానికి కుట్టిన రెండు పట్టీలు. అవి నడిపేవాళ్లు భుజాలకు తగిలించుకునే ఉచ్చుల్లా ఉండాలి. పట్టీలు చొక్కా వెనక నుంచి మొదలై, ఒకదాన్నొకటి దాటుకుంటూ పిల్ల కాళ్ల మధ్య నుంచి వచ్చే పద్ధతిని ఉదాహరణగా చెప్పింది. ఉద్దేశం ఒక్కటే, పిల్ల నడుము కాదు, ఛాతీ పెద్దవాళ్ల వీపుకు ఆని ఉండాలి.

ఎందుకంటే మూడేళ్ల పిల్లకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువంతా పైనే ఉంటుంది. నడుం దగ్గర మాత్రమే కడితే ఆ పట్టీ తలుపు బందులా పనిచేస్తుంది, పైభాగం ఎటు కావాలంటే అటు వాలుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరినప్పుడు వెనక్కి, బ్రేకు కొట్టినప్పుడు ముందుకు. అన్నిటికన్నా ప్రమాదం నిద్ర. సాయంత్రం ఎండలో అలిసిపోయిన పిల్ల పది నిమిషాల్లో కునుకు తీస్తుంది. నడుం పట్టీ మీద ఆ ఒళ్లు పక్కకు వాలితే, తల మన మోచేయి దాటి బయటికి వస్తుంది. పక్కనుంచి ఆటో రాసుకుంటూ పోయే చోటే ఆ తల ఉంటుంది. పైగా పట్టీ జారి పక్కటెముకల కిందికి, పొట్ట మెత్తటి భాగం మీదికి చేరుతుంది. గట్టిగా కుదిపినప్పుడు దెబ్బంతా అక్కడ పడుతుంది.

భుజాల రకంలో ఇది జరగదు. పిల్ల నిద్రపోయినా ఛాతీ మన వీపుకే ఆని ఉంటుంది. ఎటైనా వాలితే మన భుజం మీద లాగినట్టు తెలుస్తుంది, అదే గొప్ప ఉపయోగం. తల మాత్రం వేలాడుతుంది, దాన్ని ఏ బెల్టూ ఆపలేదు. పిల్ల నిద్రపోయిందని తెలిస్తే పక్కకు ఆపి, మంచినీళ్లు తాగించి, లేచాకే కదలాలి. తల నిలపలేని నెలల పిల్లలకైతే బండే వద్దు. ఆటోనో బస్సో ఎక్కండి. ఆ పసివాళ్లను ముందు కట్టుకునే కంగారూ సంచిలో వేసుకుని బండి నడపడం మరీ ప్రమాదం, బ్రేకు పడితే హ్యాండిల్‌కూ మన ఛాతీకీ మధ్య నలిగేది బిడ్డే.

కొనే ముందు చూడాల్సినవి చెబుతాను. పట్టీ వెడల్పు అంగుళానికి తగ్గకూడదు, అంగుళంన్నర ఉంటే మేలు. సన్న పట్టీ మెడ దగ్గర కోస్తుంది. చొక్కాకు పట్టీ కలిసే చోట కుట్టు చూడండి, చదరంలో గుణకారం గుర్తులా (×) మూల నుంచి మూలకు దట్టంగా కుట్టి ఉండాలి. ఒకే వరస కుట్టు ఉంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. క్లిప్పులు స్కూలు బ్యాగుకుండే ప్లాస్టిక్ రకమే, కానీ మందంగా ఉండాలి, నొక్కినప్పుడు గట్టిగా ‘టక్’మని పడాలి. పిల్ల చేతికి అందే చోట, అంటే ఛాతీ మీదో పొట్ట మీదో, క్లిప్పు ఉన్న రకాన్ని తీసుకోవద్దు. రెండేళ్ల పిల్లకు విప్పడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

ఇంటికి రాగానే లేబుల్ కోయకముందే బియ్యం బస్తాతో పరీక్ష చేయండి. 25 కిలోల బస్తాకు చొక్కా తొడిగి, క్లిప్పులన్నీ పెట్టి, భుజం పట్టీలు పట్టుకుని ఒక నిమిషం పైకెత్తండి. నాలుగైదు సార్లు చిన్నగా కుదపండి. తర్వాత మూడు చోట్ల చూడాలి. కుట్టు నోరు తెరిచిందా, సర్దుకునే బకిల్‌లో పట్టీ జారిందా, క్లిప్పు కొమ్ముల దగ్గర తెల్లటి గీత పడిందా. ఎక్కువగా బయటపడేది రెండోది. నున్నటి నైలాన్ పట్టీకి వదులు బకిల్ వేస్తే బరువు మీద నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. ఇంటి దగ్గర బిగించిన బెల్టు స్కూలు చేరేసరికి జానెడు వదులవడానికి కారణం ఇదే.

తొడిగే వరస ముఖ్యం. చొక్కా ఇంట్లోనే తొడిగి బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. బండికి సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ ఆపి ఉండగానే పిల్లను వెనక సీట్లో ఇంకో మనిషి పట్టుకోవాలి. మీరు ముందు కూర్చున్నాక, బ్యాగు తగిలించుకున్నట్టు ఉచ్చులు భుజాలకు వేసుకుని, పట్టీలు కిందికి లాగాలి. పిల్ల ఛాతీ వీపుకు తగిలేదాకా లాగండి, మధ్యలో అరచేయి పట్టేంత ఖాళీ ఉన్నా ఎక్కువే. రెయిన్‌కోటు వేసుకున్న రోజు మళ్లీ సర్దాలి. కోటు మీద బిగించింది కోటు తీశాక వదులవుతుంది. వీపుకు ఆఫీసు బ్యాగు వేసుకునేవాళ్లు దాన్ని ముందుకో డిక్కీలోకో మార్చాలి, మధ్యలో బ్యాగుంటే బెల్టు కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే.

దిగేటప్పుడు తప్పు ఎక్కువగా జరుగుతుంది. ఆగి, ఇంజన్ ఆపి, తాళం తీసి, స్టాండు వేసి, పిల్లను విప్పి దింపించాకే మీరు దిగాలి. కట్టి ఉండగా కాలెత్తితే పిల్ల కూడా మీతో లేస్తుంది, బండి పక్కకు ఒరుగుతుంది. తాళం ముందు తీయాలని చెప్పడానికి కారణం ఉంది. గేర్లు లేని స్కూటర్ ఇంజన్ నడుస్తుండగా పిల్ల చేయి యాక్సిలరేటర్ మీద పడితే బండి ఒక్కసారి ఎగిరి దూకుతుంది. స్కూలు గేటు ముందైతే ఆ దూకేది నడిచి వెళ్తున్న మిగతా పిల్లల మీదికే. అందుకే గేటుకు కొంచెం ముందే ఎడమ పక్కకు తీసి, పిల్లను ఫుట్‌పాత్ వైపే దింపండి. రోడ్డు వైపు దిగిన పిల్ల మన బండి చాటు నుంచి ఒక్కసారిగా బయటికి వస్తుంది, వెనకొచ్చేవాళ్లకు కనపడదు.

ఈ బెల్టు చేయలేనిది కూడా చెప్పాలి. ఇది బండి మీంచి జారి పడకుండా ఆపుతుంది. బండే పడిపోతే మాత్రం పిల్ల మనతోపాటే పడుతుంది, మన బరువు కూడా మీద పడొచ్చు. 40 వేగం షరతు అందుకే పెట్టారు. 60లో ఉండే శక్తి 40లో ఉన్నదానికి రెండుంపావు రెట్లు. పడ్డప్పుడు కాపాడేది హెల్మెట్, వేగం తక్కువగా ఉండటం. బెల్టు కట్టాం కదా అని హెల్మెట్ వదిలేస్తే సగం పనే చేసినట్టు.

హెల్మెట్ కొనడానికి ముందు టేపుతో కొలవండి. కనుబొమ్మలకు పైన వేలెడు ఎత్తులో, వెనక తల పెద్దదిగా ఉన్న చోటు చుట్టూ. ఏడాది పిల్లకు దాదాపు 46 సెంటీమీటర్లు, నాలుగేళ్లకు దాదాపు 50. పెద్దవాళ్ల మీడియం 57, 58 దగ్గర ఉంటుంది. నాన్న హెల్మెట్ పిల్ల నెత్తిన పెడితే తల లోపల గిరగిరా తిరుగుతుంది, కళ్లకూ అడ్డం పడుతుంది. పిల్లల సైజు ఐఎస్ఐ హెల్మెట్ సరిగ్గా సరిపోతే అదే మొదటి ఎంపిక. దాని మీద ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్‌ (CM/L)తో మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉంటాయి. ఆ నంబరును ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది, రాకపోతే స్టిక్కర్ దొంగది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని బండి హెల్మెట్ అమ్మడమే నేరం.

రెండేళ్లలోపు పిల్ల మెడకు ఫుల్ ఫేస్ హెల్మెట్ బరువెక్కువ. నిబంధన సైకిల్ హెల్మెట్‌ను కూడా ఒప్పుకుంది, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1447, ఐరోపా ప్రమాణాలు ఈఎన్ 1078, ఈఎన్ 1080 ఉన్నవి. ఇవి తేలిక. కానీ దవడనూ చెవులనూ కప్పవు, ఈఎన్ 1078 పరీక్షలో చదును దిమ్మె మీద పడేసే వేగం గంటకు 20 కిలోమీటర్లకు కొంచెం తక్కువే. ఈ మూడింట్లో ఈఎన్ 1080 మాత్రం బండికి తీసుకోవద్దని నా సలహా. అది ఆడుకునే పిల్లలకోసం చేసింది. ఎక్కడైనా ఇరుక్కుంటే మెడకు ఉరి పడకుండా గడ్డం పట్టీ లాగితే ఊడిపోతుంది, బకిల్ ఆకుపచ్చగా ఉంటుంది. రోడ్డు మీద పడ్డప్పుడు ఊడకూడని పట్టీ అది. ఆడపిల్లలకు నడినెత్తిన పిలక కట్టి హెల్మెట్ పెడితే అది పైకి లేచి నుదురు ఖాళీ అవుతుంది. కింద మెడ దగ్గర జడ వేయండి.

ఇక కాళ్లు. బెల్టు కొన్నవాళ్లు పూర్తిగా మరిచిపోయేది ఇదే. మూడేళ్ల పిల్లకు ఫుట్‌రెస్ట్ అందదు, కాళ్లు వేలాడతాయి. మోటార్ సైకిల్ మీద మడమ వెనక చక్రం చువ్వల్లోకి వెళ్తే చర్మం, కండ చీలిపోతాయి, ఎముక కూడా విరగొచ్చు. చీర గార్డు ఒక పక్కే ఉంటుంది కాబట్టి రెండో పక్కకూ జాలీ పెట్టించండి. మడమ తెరిచి ఉండే చెప్పులు కాకుండా మడమ కప్పే బూట్లు వేయండి. స్కూటర్‌కు బాడీ చక్రాన్ని చాలా వరకు కప్పుతుంది కనుక పిల్లను తీసుకెళ్లడానికి రెండు బండ్లున్న ఇంట్లో స్కూటరే తీయాలి.

స్కూటర్ ముందు ఫ్లోర్ మీద బిగించే చిన్న కుర్చీలు కూడా బెల్టుల పక్కనే అమ్ముతారు. పిల్ల కళ్లముందే ఉంటుందని తల్లులకు నచ్చుతాయి. బ్రేకు పడితే ఆ ముఖం సూటిగా హ్యాండిల్‌కు, మీటరుకు తగులుతుంది. యాక్సిలరేటరూ అక్కడే అందుతుంది. నిబంధన చెప్పిన బెల్టు వెనక సీటుకే. అలాగే అమ్మానాన్నల మధ్య పిల్లను ఇరికించి వెళ్లడానికి ఈ బెల్టు అనుమతి కాదు, నడిపేవాళ్లు కాక ఒక్కరే ఎక్కాలని సెక్షన్ 128 చెబుతోంది.

‘తాడేసి కట్టినట్టు ఇదేంటమ్మా, ఇక్కడికే కదా’ అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ మాటకు బెల్టు తీయకండి. అపార్ట్‌మెంటులో ఒక ఇంట్లో మొదలుపెడితే పక్కింటివాళ్లు అడిగి కొనుక్కుంటారు.

భుజాల రకానికి రూ.600 నుంచి వెయ్యి దాకా పెట్టొచ్చు, అంతకుమించి ఇచ్చేదంతా బొమ్మలకూ రంగులకే. సబ్బు నీళ్లతో చేత్తో ఉతకండి, బ్లీచింగ్ వద్దు, నీడలో ఆరేయండి. ఎండలో ఉంచిన నైలాన్ పెళుసవుతుంది, మే నెల ఎండకు ప్లాస్టిక్ క్లిప్పు ఇంకా త్వరగా. సీటు కింద డిక్కీలో ఇంజన్ వేడికి వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చి తగిలించండి. క్లిప్పులో ఇసుక చేరితే పాత టూత్ బ్రష్‌తో దులపాలి. ఒక్కసారి బండి పడ్డాక బెల్టూ హెల్మెట్టూ రెండూ మార్చేయాలి, బయటికి బాగానే కనిపించినా సరే. తెలిసినవాళ్ల పిల్లలు వాడిన బెల్టు ఇస్తే తీసుకోవచ్చు, కానీ ముందు బియ్యం బస్తా పరీక్ష చేసి, ఆ ఇంట్లో బండి ఎప్పుడైనా పడిందా అని అడిగి తీసుకోండి.