నీరసానికి ఇమ్యూన్ ప్యాకేజీ అంటే డబ్బు కట్టకండి

నెల్లూరు పొగతోటలో మాకు ఈ ప్యాకేజీ అంటగట్టిన ల్యాబ్ పేరు రాయడం లేదు, అటు వెళ్లేవాళ్లు గుర్తుపడతారు. మా అక్కకి కరోనా తర్వాత ఒంట్లో సత్తువ పోయింది. రెండు బిందెల నీళ్లు మోస్తే మర్నాడు మంచం దిగలేదు. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ అన్నీ బాగానే ఉన్నాయి. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (నెలల తరబడి వదలని నీరసం జబ్బు) కావచ్చన్నారు డాక్టర్. "రక్తంలో ఇమ్యూన్ మార్కర్లు చూస్తే ఆ జబ్బు ఉందో లేదో తేలిపోద్దమ్మా" అని ల్యాబ్ వాళ్లు రోగనిరోధక శక్తిని చూసే ఇమ్యూన్ ప్యాకేజీ కింద 14,000 కట్టించుకున్నారు.

రిపోర్టులో ఇంటర్‌ల్యూకిన్-6 (రోగనిరోధక కణాలు వదిలే ఒక ప్రోటీన్) ఎక్కువ, ఎన్‌కే కణాలు (వైరస్ సోకిన కణాల్ని చంపే తెల్ల రక్తకణాలు) తక్కువ అని ఎర్ర అక్షరాలు. చివరి పేజీ అడుగున, కళ్లకి ఆనని సైజులో, "పరిశోధనకు మాత్రమే, రోగ నిర్ధారణకు కాదు" అని ఇంగ్లీషులో ఉంది. ఇదేంటని అడిగితే, డబ్బు తీసుకున్న ఆ మనిషే మా అక్క వైపు తిరిగి, "మీకు జబ్బేం లేదమ్మా, ఇంటి పని తప్పించుకోవడానికి ఆడవాళ్లు ఇట్టాగే చెప్తారు" అన్నాడు. అంతమంది ముందు! నిలబడితే కళ్లు తిరుగుతాయని అక్క అప్పటికే కౌంటర్ అంచు పట్టుకుని ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆటోలో ఏడ్చింది. డబ్బు పోయినదానికంటే నాకు ఆ మాటే మండుతోంది.

ఈ జబ్బుని తేల్చే రక్తపరీక్ష ప్రపంచంలో ఎక్కడా ఇంకా రాలేదు. పరిశోధనలు నిజంగానే జరుగుతున్నాయి. జబ్బు తీవ్రతతో పాటు 17 సైటోకైన్లు (రోగనిరోధక వ్యవస్థ సంకేత ప్రోటీన్లు) పెరుగుతున్నాయని 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూపించారు. ఎన్‌కే కణాల పనితనం తగ్గుతోందని చాలా అధ్యయనాల్లో వచ్చింది. కానీ అవి రోగుల గుంపుని ఆరోగ్యవంతుల గుంపుతో పోల్చి చెప్పిన లెక్కలు. ఒక మనిషి రక్తం చూసి ఉంది, లేదు అని చెప్పడానికి చాలవు. ఇంటర్‌ల్యూకిన్-6 మామూలు ఇన్‌ఫెక్షన్‌కీ పెరుగుతుంది. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్‌కి ఈ జబ్బుతో సంబంధం ఉందని ఒక పరిశోధన పేపర్ వచ్చినప్పుడు అమెరికాలోనూ పరీక్షలు అమ్మారు. శాంపిళ్లు కలుషితమయ్యాయని తేలి 2011లో ఆ పేపర్‌నే వెనక్కి తీసుకున్నారు.

ఆరు నెలలు దాటిన నీరసం, కాస్త శ్రమ పడితే మర్నాడు కుప్పకూలడం, నిద్రపోయినా తీరని బడలిక, మతిమరుపు లేదా నిలబడితే కళ్లు తిరగడం: డాక్టర్ ఇవి అడిగి, మిగతా జబ్బులు లేవని చూసుకుని చెప్పాల్సిందే.

ఎవరైనా ఈ ప్యాకేజీ అంటగడితే, దీంతో జబ్బు నిర్ధారణ అవుతుందని బిల్లు మీద రాసిమ్మనండి. ఇప్పటికే కట్టినవాళ్లు చివరి పేజీ చూసుకుని, బిల్లు దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను.