మాస్కు: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

కోవిడ్ మొదలైనప్పటి నుంచీ మాస్కు వాడుతున్నాను. ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దాయన ఉన్నారు. అందుకే చాలామంది తీసి పక్కన పడేశాక కూడా, కిక్కిరిసిన చోట నేను తియ్యలేదు. బట్టది, సర్జికల్, ఎన్95 మూడూ బాగా వాడాను. నాకు తేలిందేమిటంటే, మాస్కు మొహం మీద నిలుస్తుందా లేదా అన్నది సగం దాని కుట్టు మీద, సగం పక్కవాళ్ళ తీరు మీద ఆధారపడి ఉంటుంది.

ముందు వస్తువు సంగతి. బట్ట మాస్కు చర్మానికి హాయి, ఉతుక్కోవచ్చు. కానీ పదేపదే ఉతికేసరికి తాళ్ళు సాగిపోతాయి, మాట్లాడినప్పుడల్లా మాస్కు ముక్కు కిందికి జారుతుంది. ముక్కు బయటపెట్టి తిరిగేవాళ్ళందరినీ నిర్లక్ష్యమని తిట్టారు గానీ, వాళ్ళలో చాలామంది మొహాలకు ఆ మాస్కు అసలు సరిపోదు.

సర్జికల్ మాస్కు తేలిక, కానీ బుగ్గల పక్కన సందులుంటాయి. కళ్ళజోడు మసకబారుతోందంటే పైనుంచి గాలి పోతోందని అర్థం. ముక్కు దగ్గరి తీగను రెండు చేతుల వేళ్ళతో, మధ్య నుంచి పక్కలకు, ఎముకకు అంటేలా నొక్కుకుంటూ పోవాలి. ఒక చేత్తో గిచ్చితే మధ్యలో మడత పడి సందు మిగిలిపోతుంది. ఇంత చిన్న విషయం ఎవరూ చేసి చూపించలేదు. పెట్టుకోవాలి అన్నవాళ్ళే అందరూ.

ఎన్95 నా మొదటి ఎంపిక. పట్టుకోవడానికి అతి కష్టమైన 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కూడా కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. అది కేవలం జల్లెడలా పనిచెయ్యదు, లోపలి పొరలో ఉన్న విద్యుదావేశం కణాలను లాగి పట్టుకుంటుంది. సబ్బుతోనో స్పిరిట్‌తోనో కడిగితే ఆ ఆవేశం పోతుంది, చూడటానికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. తలకు చుట్టే ఎలాస్టిక్ వల్ల మొహానికి గట్టిగా అంటుకుంటుంది. ఎక్కువసేపుంటే ముక్కు మీద గీతలు పడతాయి, వేడిగా ఉంటుంది. వాల్వు ఉన్నవి మాత్రం కొనకండి, మనం వదిలే గాలి వడకట్టకుండానే అవతలివాళ్ళ మీదికి పోతుంది.

ఇక మనుషుల సంగతి. మొదట్లో మామూలు జనానికి మాస్కు అక్కర్లేదన్నారు. వైద్య సిబ్బందికే కొరతగా ఉందన్న మాటా, ఆధారాలు చాలవన్న మాటా కలగలిసిపోయి జనం చెవికి ‘మాస్కు దండగ’ అని చేరింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2020 ఏప్రిల్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్‌లో మాట మార్చుకున్నాయి. కొత్త సమాచారం వస్తే సలహా మారడంలో తప్పులేదు. ఎందుకు మారిందో ఓపిగ్గా చెప్పకపోవడమే నమ్మకాన్ని దెబ్బతీసింది. ఆ తర్వాత మాస్కు ఎవరు ఏ పక్షమో చెప్పే గుర్తయిపోయింది. ఇది కొత్తేమీ కాదు. 1918 ఫ్లూ కాలంలోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు నిబంధనకు ఎదురుగా ఏకంగా ఒక సంఘమే పెట్టారు.

తిట్టడం వల్ల మాస్కు పెట్టుకున్నవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. బంగ్లాదేశ్‌లో దాదాపు 600 గ్రామాల్లో జరిగిన అధ్యయనం నాకు చాలా నచ్చింది. ఇంటింటికీ మాస్కులు ఉచితంగా ఇచ్చారు, పెద్దలతో చెప్పించారు, బయట ఎదురైనవాళ్ళకు మర్యాదగా గుర్తుచేశారు. సరిగ్గా పెట్టుకునేవాళ్ళు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సర్జికల్ మాస్కులిచ్చిన గ్రామాల్లో, 60 దాటినవాళ్ళలో లక్షణాలతో కూడిన కోవిడ్ మూడో వంతుకు పైగా తగ్గింది. చేతికి అందించి, మంచిగా చెబితే జనం వింటారని దీన్నిబట్టి నమ్ముతున్నాను.

మాస్కుల వల్ల ఇబ్బంది పడేవాళ్ళనీ అర్థం చేసుకోవాలి. నాతో పనిచేసే ఒకావిడకు వినికిడి లేదు, పెదవుల కదలిక చూసే మాట పట్టుకుంటారు. అందరూ మాస్కులు పెట్టాక సమావేశాల్లో ఆవిడ నోట్‌బుక్ ఒకటి ముందుకు తోసేవారు, రాసి చూపించమని. మొదటి వారం అందరూ రాశారు, తర్వాత ముఖ్యమైనవే రాశారు, ఆ తర్వాత ‘మళ్ళీ చెబుతాలే’ అనడం మొదలైంది. అది చూస్తే నాకు బాధగా ఉండేది. ఆవిడ కోసం ముందు భాగం పారదర్శకంగా ఉండే మాస్కు తెప్పించుకున్నాను. కాసేపు మాట్లాడితే లోపల ఆవిరి పట్టి పెదవులు కనపడవు, పక్కకు తిరిగి తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. అయినా ఆవిడతో మాట్లాడేటప్పుడు అదే వాడాను.

తయారుచేసేవాళ్ళను నేను అడిగేది ఈ పారదర్శక మాస్కు గురించే. ఆవిరి పట్టనిది, ఎన్95 అంత గట్టిగా వడకట్టేది, చిన్న మొహాలకూ సరిపడే కొలతల్లో మామూలు దుకాణాల్లో దొరికేలా చెయ్యండి. ఇంకో మహమ్మారి వచ్చాక మొదలుపెడితే మళ్ళీ ఆ నోట్‌బుక్కే గతి అవుతుంది.