74 సెకన్లు తిరిగే రీలు: ఎనిమిది సీజన్ల తరువాత

గాలపు సామాను కొట్టులో ఆ సెంటర్‌పిన్ రీలును చూపించిన మనిషి దాని గురించి ఏమీ చెప్పలేదు. డ్రమ్ము అంచును చూపుడు వేలితో ఒక్కసారి తట్టి, నా చేతిలో పెట్టి, వేరొకరికి మ్యాగెట్లు (ఎరగా వాడే పురుగులు) కొలిచి ఇవ్వడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కూడా డ్రమ్ము చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. 2016 అక్టోబరులో, ఇంకేమీ ఆలోచించకుండా 140 పౌండ్లు ఇచ్చి దాన్ని కొనేశాను. ఇంటికి వచ్చి ఫోనులో గడియారం పెట్టి చూస్తే ఒక్క తట్టుకు 74 సెకన్లు తిరిగింది. ఆ అంకెను అప్పట్లో వినే ఓపిక ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ 74 సెకన్ల గురించే ఉంటుంది. తయారు చేసిన కంపెనీ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే నేను పడిన ఇబ్బందిలో వారి తప్పెంతో నా తప్పెంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

సెంటర్‌పిన్ వాడని వారికి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఇందులో పళ్ళ చక్రాలు లేవు, లైనును సర్దే తీగ చట్రం లేదు. నడుమ ఒక ఇరుసు, దాని మీద అడ్డు లేకుండా తిరిగే డ్రమ్ము, అంతే. బావి గిలకను తెచ్చి గాలపు కర్రకు బిగించినట్టు ఉంటుంది. చేప లాగితే తిరుగుతుంది, బొటనవేలు ఆనిస్తే ఆగుతుంది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ వాళ్ళు ట్రెంట్ నది మీద చెక్క రీళ్ళతో బెండును ప్రవాహం వెంట దూరంగా వదిలేవారు. ఆ ఊరి హెన్రీ కాక్సన్ ఆలోచనను పంతొమ్మిదో శతాబ్దం చివర రెడిచ్‌లోని ఆల్‌కాక్ సంస్థ ‘ఏరియల్’ అనే తేలికైన రీలుగా తయారు చేసింది. నా దగ్గరున్న నాలుగున్నర అంగుళాల అల్యూమినియం డ్రమ్ము చేసే పనీ అదే. దీనికి అదనంగా ఉన్నవి ఇరుసు మీది రెండు బాల్ బేరింగులు. ఆ 74 సెకన్లు వాటి చలవే.

కోనసీమలో మా ఊరి కాలువ గట్టున నేను నేర్చుకున్న గాలం అంటే వెదురు కర్ర, దాని పొడవుకు సరిపడా దారం, జీలుగు బెండు. బెండు నీటితో పాటు రెండు మూడు బారలు వెళ్ళి, దారం అయిపోగానే ఎరతో సహా గట్టు వైపుకు తిరిగిపోయేది. పరిగెలు గుంపు కట్టిన చోటు ఎప్పుడూ దానికి ఇంకో బారెడు అవతలే ఉండేది. ఇంగ్లండులోని రెడింగ్‌కు వచ్చి ఫిక్స్‌డ్ స్పూల్ రీలు (లైను వదిలేటప్పుడు డ్రమ్ము తిరగని మామూలు రకం) కొన్నాక దారం కొరత తీరింది గానీ, దాని నుంచి లైను చుట్టలు చుట్టలుగా ఊడివస్తుంది. వేలితో అదుపు చేయబోతే బెండు కుంటుతూ నడుస్తుంది.

సెంటర్‌పిన్‌తో మొదటి ఉదయం కెనెట్ నదిలో 4 గ్రాముల బెండు వదిలినప్పుడు, దాని పక్కనే ఒక నురుగు బుడగ కూడా బయలుదేరింది. బెండూ బుడగా ఒకదాన్ని ఒకటి దాటకుండా 30 గజాల దూరం కలిసి వెళ్ళాయి. లైనును నేను వదలలేదు, నదే తనకు కావలసినంత తీసుకుంది. అక్కడ బొటనవేలిని డ్రమ్ము అంచుకు కాస్త ఆనిస్తే బెండు వెనకబడుతుంది, అడుగున ఎర ముందుకు సాగి మెల్లగా పైకి లేస్తుంది, చబ్ చేప చాలాసార్లు సరిగ్గా ఆ లేచినప్పుడే అందుకుంటుంది. చేప తల విదిలిస్తే ఆ విదిలింపు నేరుగా వేలి చర్మానికి తెలుస్తుంది. ఈ సంతోషాన్ని ఫోనులో మా మావయ్యకు వర్ణిస్తే, “పట్టింది వండుకుంటారా, లేదా?” అని అడిగారు, మళ్ళీ నదిలోకే వదిలేస్తామన్నాక, “అయితే బెండు చూసుకోడానికేరా అంత డబ్బు పోశావు” అన్నారు. కాదని చెప్పలేకపోయాను.

మూడు సీజన్లు అలాగే గడిచాయి. 2019 నవంబరు మధ్యలో, వారం రోజుల వాన వెలిసి నీరు తగ్గుముఖం పట్టి, ఇంకా టీ రంగులో ఉన్న ఒక శనివారం, థీల్ అనే ఊరి దిగువన ఆల్డర్ చెట్ల కింద నిలబడి రొట్టె ముక్క ఎరగా వేస్తున్నాను. ఎడమ భుజం మీదుగా గాలి విసురుగా వస్తోంది. పదకొండు దాటాక బెండు మునిగింది. డ్రమ్మును అదిమి కర్ర ఎత్తగానే అవతల పడింది మామూలు చబ్ కాదని అర్థమైంది. చబ్ మొదటి ఊపులో చెట్ల వేళ్ళలోకి దూసుకుపోయి ఆపైన బరువుగా వేలాడుతుంది. ఇది అడుగునే అంటిపెట్టుకుని నదికి అడ్డంగా పరుగెత్తింది. పది గజాలు లైను తీసుకున్నాక, జారిపోతున్న వల పిడిని సర్దుకోవడానికి డ్రమ్ము మీది వేలిని ఒక్క క్షణం తీశాను. సరిగ్గా అప్పుడే చేప ఆగింది. డ్రమ్ము ఆగలేదు.

ఎందుకు ఆగుతుంది? 74 సెకన్లు తిరగడానికి చేసిన డ్రమ్ము అది. లాగేవాడు లేకపోయినా అది లైనును విప్పుతూనే పోయింది. వదులు చుట్టలు పువ్వు విచ్చుకున్నట్టు డ్రమ్ము మీద పొంగాయి, గాలి వాటిలో రెంటిని మూడింటిని వెనుక అంచు దాటించి, డ్రమ్ముకూ వెనుక పలకకూ మధ్యనున్న సందులోకి తోసింది. నేను వేలు వేసేలోగా చేప మళ్ళీ కదిలింది, లోపలి చుట్టలు ఇరుసు మీద బిగుసుకున్నాయి, డ్రమ్ము మేకు కొట్టినట్టు ఆగిపోయింది. కర్ర కొస నీళ్ళలోకి వంగింది, ఆ తరువాత తేలికగా పైకి వచ్చేసింది. 4 పౌన్ల బరువు తట్టుకునే దారం కొక్కెం దగ్గర తెగింది. చేపను చూడనేలేదు గనుక బార్బెల్ చేప అని ప్రమాణం చేయలేను. ఆ పరుగును బట్టి అదేనని నా నమ్మకం. మన శీలావతి, బొచ్చె కుటుంబానికే చెందిన ఆ చేప ఒకసారి వెళ్ళాలనుకుంటే వాటిలాగే వెళుతుంది.

చేప పోయినందుకు కాదు గానీ, ఆ తరువాతి ముప్పావు గంట నన్ను ఎక్కువ బాధించింది. డ్రమ్మును విప్పాలంటే నడుమనున్న మరను రెండు పెన్నీల నాణెంతో తిప్పాలి. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. మర ఊడి తడి ఆకుల్లో పడింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆకు ఆకూ తిరగేసి వెతికితే, చివరికి అది నా బూటు మడమ కిందే బురదలో కూరుకుపోయి కనిపించింది. డ్రమ్ము తీసి చూస్తే లైను ఇరుసుకు తొమ్మిది చుట్లు చుట్టుకుని, నల్లటి గ్రీజులో మునిగి, రాపిడి తగిలిన ప్రతి చోటా తెల్లగా గాట్లు పడి ఉంది. పన్నెండు గజాలు కోసి పారేశాను. వెనుక సందు ఎంతుందో అప్పుడే మొదటిసారి పరీక్షగా చూశాను. రెండు విజిటింగ్ కార్డులు కలిపి పెడితే సునాయాసంగా దూరాయి. నేను వాడే లైను మందం అందులో మూడో వంతు కూడా లేదు.

కంపెనీకి రాశాను. లైను అంచు దాకా నింపి ఉంటారని, సెంటర్‌పిన్ వాడేవారు వేలిని డ్రమ్ము మీద నుంచి తీయకూడదని మర్యాదగానే జవాబు ఇచ్చారు. రెండూ నిజమే. అయినా ఆ సందును సగానికి తగ్గించి చేసిన రీళ్ళను తరువాత స్నేహితుల చేతుల్లో చూశాను కాబట్టి, ఆ జవాబుతో నా మనసు పూర్తిగా చల్లబడలేదు.

చేసుకున్న మార్పులు చెబుతాను. డ్రమ్ములో 100 గజాలకు బదులు 60 గజాల లైనే ఉంచి, అంచు కంటే నాలుగైదు మిల్లీమీటర్లు లోతుగా ఉండేట్టు చూసుకున్నాను. 4 పౌన్ల లైను మానేసి, చుట్టలు అంత తేలికగా పొంగని 5 పౌన్ల లైనుకు మారాను. మూడో మార్పు చేయడానికి మాత్రం ఒక ఏడాది మనసు ఒప్పలేదు: బేరింగుల్లోని పలుచటి నూనెను పూర్తిగా కడిగి, కాస్త చిక్కటి నూనె వేశాను. 74 సెకన్లు 26కు పడిపోయాయి. డ్రమ్మును తట్టి గడియారం వైపు చూసినప్పుడు కడుపులో ఏదో కలుక్కుమంది. ఆ తరువాత నదికి వెళ్ళి బెండు వదిలితే, మళ్ళీ నురుగు బుడగ పక్కనే బయలుదేరింది, మళ్ళీ రెండూ కలిసే వెళ్ళాయి.

అందుచేత మొదట్లో నేను చేసిన పొగడ్తను ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవలసి ఉంటుంది. ఎంతసేపు తిరుగుతుందన్నది కొట్టులో బల్ల దగ్గరి వినోదం. నదిలో కావలసింది ఎంత చిన్న లాగుడుకు డ్రమ్ము కదలడం మొదలుపెడుతుందన్నది. ఇంట్లో దీన్ని చూడడం సులువు. లైను కొసకు 0.8 గ్రాముల గుండు ఒకటి కట్టి వేలాడదీసి, డ్రమ్ము దానంతట అది కదులుతుందేమో గమనిస్తే చాలు (చిన్న సీసపు గుళ్ళను ఇక్కడ 1987లోనే నిషేధించారు గనుక వేరే లోహపు గుండు). చిక్కటి నూనెతో కూడా నా వంటింట్లో కదిలింది. మంచు గడ్డకట్టిన జనవరి ఉదయం గట్టు మీద కదలలేదు. ఆ చలిలో నెమ్మదిగా పారే నీటికి 2 గ్రాముల బెండు వాడినప్పుడు అది మళ్ళీ కుంటడం మొదలుపెట్టింది కూడా. అందువల్ల డిసెంబరు వచ్చేసరికి పలుచటి నూనె, గాలులు ఎక్కువగా ఉండే మిగతా నెలల్లో చిక్కటిది. సంచిలో రెండు చిన్న సీసాలు ఉంటాయి. రీలు ఇలా రెండు నూనెలు అడగడం దోషమా, దాని స్వభావమా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసిన సంగతి.

మిగతా విషయాలు క్లుప్తంగా. రాచెట్ (డ్రమ్ము దానంతట అది తిరగకుండా పట్టి ఉంచే ఏర్పాటు) స్ప్రింగు రెండో శీతాకాలానికే నీరసించింది. దాన్ని నేను రీలును మోసుకెళ్ళేటప్పుడు మాత్రమే వాడతాను కాబట్టి మార్పించలేదు. 30 గజాలు వెనక్కి చుట్టడానికి ఎనభై తొంభై చుట్లు తిప్పాలి. పిడి వదిలేసి, డ్రమ్ము అంచును నాలుగు వేళ్ళతో తట్టి తట్టి చుట్టడం అలవాటయ్యే దాకా ఇది విసుగే. ఇక దూరం విసరడం. నాటింగ్‌హామ్ గాలపు వేటగాడు ఎఫ్.డబ్ల్యూ.కె. వాలిస్ పేరుతో పిలిచే విసురు, అంటే తిరుగుతున్న డ్రమ్ము నుంచే నేరుగా లైను పంపడం, నాకు ఎనిమిదేళ్ళలో పదిసార్లకు ఆరుసార్లు కుదురుతోంది, కుదరని నాలుగుసార్లు చిక్కులు తీసుకుంటూ కూర్చుంటాను. కర్ర వలయాల మధ్య నుంచి చేత్తో లైను మడతలు లాగి వదిలే పాత పద్ధతే నాకు ప్రాణం.

కొనమంటానా అని అడిగితే నా పరిస్థితి చెప్పగలను. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే సరైన వేగంతో పారే నది ఉంది. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో కోర్స్ చేపల (సాల్మన్, ట్రౌట్ జాతులు కాని మంచినీటి చేపల) వేట మూసి ఉండే మూడు నెలలు పోగా, దాదాపు ప్రతి శనివారం అక్కడే ఉంటాను. అలాంటి మనిషికి ఈ రీలు దొరికితే సంతోషమే, కాకపోతే డబ్బు ఇచ్చే ముందు డ్రమ్మును తట్టి చూడడంతో ఆగకుండా, వెనుక సందులో ఒక కార్డు పెట్టి చూడమంటాను. నిలిచిన నీటి చెరువుల్లో, 40 గజాల అవతలకు ఎర విసరవలసిన వారికి దీనితో పని లేదు. మొన్న స్లౌ ఊరి నుంచి వచ్చిన ఒక తెలుగు మిత్రుడు నా బెండు నడవడం చూసి ముచ్చటపడి అలాంటిదే కొంటానన్నాడు. అతను ఎక్కువగా వెళ్ళేది చెరువులకే. నా పాత ఫిక్స్‌డ్ స్పూల్ ఇచ్చి, ఈ సీజను దీనితో నదికి వచ్చి చూడు, ఆ తరువాత మాట్లాడుకుందాం అన్నాను. అతను దాన్ని ఇంకా తిరిగి ఇవ్వలేదు.