ఒకరికి తుపాకీ, ఒకరికి కెమెరా: విశాఖలో ఒక సఫారీ ఏజెన్సీతో మా అనుభవం

టెక్సాస్‌లో స్థిరపడిన మా బావమరిదికి ఆఫ్రికా వెళ్లి అడవిదున్నను, అంటే అక్కడివారు కేప్ బఫెలో అనే జంతువును, వేటాడాలని పదేళ్లుగా కోరిక. నాకు తుపాకీ అంటే సరిపడదు. కెమెరా ఇచ్చి ఏ నీటిగుంట ఒడ్డునో కూర్చోమంటే మాత్రం రెండు రోజులైనా కదలకుండా కూర్చుంటాను. ఇద్దరం కలిసి వెళ్లదగ్గ దేశమేదో తేల్చి, ఏర్పాట్లన్నీ చేసిపెట్టే సంస్థ కోసం నిరుడు విశాఖపట్నంలో వెతికాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేటకు కాలం చెల్లింది కనుక ఇక్కడి ఏజెన్సీలకు ఈ వ్యవహారం కొత్తగానే ఉంటుందని అనుకున్నాను. అనుకున్నట్టే, ద్వారకానగర్‌లో మేము మొదట మెట్లెక్కిన కార్యాలయంలో "సఫారీ" అన్న మాట చెవిన పడగానే కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం రంగుల పుస్తకం చేతిలో పెట్టి, వేట కూడా అక్కడే ఏర్పాటు చేస్తామని హామీ ఇచ్చారు. కెన్యాలో 1977 నుంచి వేట నిషేధం. మంచినీళ్లు తాగి మర్యాదగా లేచి వచ్చేశాం.

ఈ సమీక్ష సిరిపురంలోని రెండో సంస్థ గురించి. వారివల్ల జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పవలసి ఉన్నందున పేరు రాయడం లేదు. అక్కడ మా పని చూసిన ఆవిడ మ్యాప్ తెరవకముందే మా బావమరిదిని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఏ జంతువు కావాలి, ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది, జంతువు దొరక్కపోతే ఖాళీ చేతులతో తిరిగి రావడానికి సిద్ధమేనా, కంచె ఉన్న చోటైనా ఫర్వాలేదా అని ఆవిడ అడుగుతుంటే, ఈ చివరి ప్రశ్న దగ్గర మా వాడు తడబడ్డాడు. దక్షిణాఫ్రికాలో వేట చాలావరకు ప్రైవేటు భూముల్లో, కంచెల లోపల జరుగుతుందని, అక్కడ జంతువులు భూయజమాని ఆస్తిగానే చెల్లుబాటు అవుతాయని, అందువల్ల జంతువు దొరకడం దాదాపు ఖాయమని, ఏర్పాట్లు కూడా సులువని ఆవిడ వివరించారు. "అయితే పెరట్లో కోడిని పట్టుకోవడమేనా బావా?" అని వాడు నా వైపు చూశాడు. అన్ని కంచెలూ ఒకటి కావు; వేల ఎకరాల కంచెలో జంతువు రోజుల తరబడి తప్పించుకు తిరగగలదు. అయినా వాడి మనసు అప్పటికే కంచె దాటిపోయింది.

టాంజానియాలో కంచెలు లేని విశాలమైన వేట ప్రాంతాలున్నాయి. సింహం వంటి పెద్ద జంతువు కావాలంటే అక్కడ 21 రోజుల లైసెన్సు తీసుకోవాలి, పైగా ఆ సింహానికి కనీసం ఆరేళ్లు నిండి ఉండాలి. వయసు తేల్చవలసిన బాధ్యత వెంట నడిచే వృత్తి వేటగాడిది. మా వాడికి దొరికే సెలవు మొత్తం 18 రోజులు, కనుక సింహం ఆశ వదులుకుని ఆ పేజీ అక్కడితో మూసేశాం. బోట్స్వానా 2014లో వేటను ఆపి, 2019లో తిరిగి అనుమతించింది. ప్రభుత్వం మారితే విధానం మారే చోట ముందుగా డబ్బు కట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. నా భయం అతిగా ఉందని ఆవిడ నవ్వుతూనే చెప్పారు, బహుశా నిజమే.

ఈ సంస్థ మీద నాకు గురి కుదిరింది ధరల కాగితం దగ్గర. వేటలో రోజువారీ ఖర్చు వేరు, కూల్చిన జంతువుకు కట్టే ట్రోఫీ రుసుము వేరు. ఆ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం కింద ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, మా వాడి చేత రెండుసార్లు చదివించారు: తూటా తగిలి ఒక్క రక్తపు చుక్క నేల మీద కనిపిస్తే, జంతువు తప్పించుకుపోయినా సరే, రుసుము మొత్తం చెల్లించాలి. అమ్ముకునేవారు సాధారణంగా దాచే మాటను తామే ముందుకు తెచ్చి చూపడం నేను ఏ ట్రావెల్ ఆఫీసులోనూ చూడలేదు. సొంత తుపాకీతో వెళ్తే విమానం మారే ప్రతి దేశపు నిబంధనలూ చూసుకోవలసి వస్తుందని, అక్కడే అద్దెకు తీసుకోవడం మేలని కూడా చెప్పారు. "కొమ్ములు మీ ఎంవీపీ కాలనీ ఇంట్లో, హాల్లో పెడదాం బావా" అన్న మా వాడి ముచ్చటకు మాత్రం ఆవిడ ఒక్క మాటతో తెర దించారు: వాటిని భారతదేశానికి తెచ్చే పనిలో తాము వేలు పెట్టబోమని, వెళ్తే అమెరికాకే, అక్కడి అనుమతులతోనే వెళ్లాలని. ఈ కథంతటిలో మా ఆవిడ మనస్ఫూర్తిగా సంతోషించిన ఘట్టం అదొక్కటే.

చివరికి నమీబియా ఖాయమైంది. అక్కడ 1996లో వచ్చిన చట్టం ప్రకారం గ్రామస్థులు సంఘంగా ఏర్పడి తమ ప్రాంతంలోని వన్యప్రాణుల మీద హక్కులు పొందవచ్చు. వేట మీద, పర్యాటకం మీద వచ్చే ఆదాయం ఆ సంఘానికి చేరుతుంది. ఈశాన్య కొసన ఉన్న జాంబేజీ ప్రాంతంలో అలాంటి ఒక సంఘం భూమిలో మా వాడు ఏడు రోజుల వేటకు దిగి, కాలినడకన తిరిగి తిరిగి ఆరో రోజున ఒక ముసలి మగ దున్నను కొట్టాడు. నేను శిబిరంలోనే ఉండిపోయాను. సాయంత్రం ఊళ్లో మాంసాన్ని వాటాలు వేస్తుంటే చూడబోయాను. మన పల్లెల్లో పండుగనాడు ఆకుల మీద పోగులు పెట్టినట్టే పెట్టారు, ఒక ముసలమ్మ తన పోగు తగ్గిందని గట్టిగా తగువు కూడా పెట్టుకుంది. వేట మీద నా అభిప్రాయం మారలేదు గాని, ఆ తగువు విన్నాక దాన్ని అందరి ముందూ అంత గట్టిగా చెప్పడం మానేశాను.

ఇక నా వంతు ఎటోషా. ఆ జాతీయ పార్కులో దున్నలు లేవు కాబట్టి ఒకే చోట ఇద్దరి పనీ తీరే దారి లేదు. పొరపాటు జరిగింది సరిగ్గా ఈ రెండు చోట్ల మధ్యనే. కార్యక్రమ పత్రంలో జాంబేజీ నుంచి ఎటోషాకు ఒక్క పగటి ప్రయాణం అని రాశారు. రుందు అనే పట్టణం మీదుగా అది సుమారు 900 కిలోమీటర్లు, అంటే విశాఖ నుంచి చెన్నై కంటే ఎక్కువ. చీకటి పడ్డాక జంతువులు రోడ్డెక్కుతాయని అక్కడ రాత్రిపూట కారు నడపవద్దంటారు. రుందులో మా సొంత ఖర్చుతో ఒక రాత్రి ఆగవలసి వచ్చింది, ఎటోషాలో నాకున్న మూడు రాత్రుల్లో ఒకటి పోయింది. తిరిగి వచ్చాక ఫిర్యాదు చేస్తే బస ఖర్చు వెనక్కి ఇచ్చారు. పోయిన రాత్రిని ఎవరిస్తారు? ఎటోషాలోని ఒకౌకుఎజో బస దగ్గర దీపాల వెలుగులో ఉండే నీటిగుంటకు అర్ధరాత్రి దాటాక ఒక నల్ల ఖడ్గమృగం పిల్లతో సహా వచ్చి, ముక్కు నీటిలో పెట్టి చాలాసేపు తాగింది. చుట్టూ కూర్చున్న నలభై మందిలో ఒక్కరు దగ్గలేదు. ఇంకొక రాత్రి ఉంటే అన్న బాధ అందుకే.

చలి సంగతి కూడా ఏజెన్సీవారు తేలిగ్గా చెప్పారు. జులైలో అక్కడ శీతాకాలం, అరకు చలికి కొన్న స్వెట్టరు తెల్లవారుజామున ఓపెన్ జీపులో ఎందుకూ పనికిరాలేదు.

వేట కోసం గాని, చూడటం కోసం గాని ఆఫ్రికాకు వెళ్లదలచినవారు ఏ దేశమో తేల్చుకోవడానికి ఈ సిరిపురం సంస్థకు నిశ్చింతగా వెళ్లవచ్చు. ఆ పనికి నేను అయిదుకు అయిదు ఇస్తాను. దారి ఏర్పాట్లకు మూడు మించి ఇవ్వలేను. వారిచ్చే కార్యక్రమ పత్రాన్ని చేతిలో పట్టుకుని, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎన్ని కిలోమీటర్లో వారి ఎదుటే ఫోనులో కొలిచి చూసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.