ఇంట్లో ఈఈజీనా, హాస్పిటల్లో వీడియో ఈఈజీనా: డబ్బుల లెక్కలో ఏది మేలు?

ఈమధ్య మా చెల్లెలి కూతురికి ఫిట్స్ గురించి ఈఈజీ, అంటే మెదడు తరంగాలు రికార్డు చేసే టెస్ట్, చేయించామని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే. “డాక్టరుగారు ఒక రోజో, కొన్ని రోజులో తీసే లాంగ్ టర్మ్ ఈఈజీ రాశారు, తలకి మెషిన్ కట్టి ఇంటికి పంపేదైతే తక్కువలో అయిపోతుందట, అడ్మిట్ అయితే చాలా చెప్తున్నారు, ఏది చేయించమంటారు?” అని. అరగంటలో అయిపోయే మామూలు ఈఈజీ సంగతి అందరికీ తెలిసిందే, రెండు మూడు వేలల్లో తేలిపోతుంది, అందులో ఏమీ కనపడలేదు కాబట్టే కదా ఇక్కడిదాకా వచ్చారు.

నన్నడిగితే రోజుకి ఎంత అన్నది అసలు ప్రశ్నే కాదు. రికార్డింగ్ నడుస్తుండగా ఫిట్ వస్తుందా రాదా, అదీ చూడాల్సింది. లెక్క కోసం ఇంటి ఈఈజీ 24 గంటలకి 8,000, హాస్పిటల్లో చేరి కెమెరా ముందు తీయించుకునే వీడియో ఈఈజీ రోజుకి 15,000 అనుకుందాం. మీ అబ్బాయికి నెలకోసారి ఫిట్ వస్తుందంటే, ఆ ఒక్క రోజులోనే రావడానికి ముప్పైలో ఒక వంతు అవకాశం. రాకపోతే రిపోర్టులో “నార్మల్” అనే రావచ్చు, డాక్టరు మళ్లీ చేయించమనొచ్చు, మళ్లీ ఎనిమిది వేలు. అదే వార్డులో అయితే మందులు మెల్లగా తగ్గిస్తారు, రాత్రి నిద్ర ఆపుతారు, అంటే ఊరికే ఎదురు చూడకుండా ఫిట్ వచ్చే అవకాశం పెంచుతారు. ఇంట్లో అలా మందులు తగ్గించకూడదు, ప్రమాదం, ఏ డాక్టరూ చేయమనరు కూడా. చేతికి ఐవీ లైను పెట్టి, అవసరమైతే వెంటనే ఇంజెక్షన్ ఇవ్వడానికి నర్సు ఉన్నచోటే చేయాలి. ఆ మూడు రోజుల్లో రెండు ఫిట్లు రికార్డయితే పెట్టిన 45,000కి సమాధానం దొరికినట్టే, ఇంటి టెస్టు మూడుసార్లు చేయించి 24,000 పోశాక కూడా మొదటికే రావచ్చు.

అయితే రోజూ ఫిట్స్ వచ్చేవాళ్ల సంగతి వేరు. పొద్దున్నే చేతులు ఝాడించినట్టు అదిరే పిల్లలు, రోజుకి పదిసార్లు ఉన్నట్టుండి చూపు నిలిచిపోయే పిల్లలు, వీళ్లకి ఇంటి ఈఈజీ చాలు, అనవసరంగా బెడ్ చార్జీలు కట్టొద్దు. కాకపోతే ఇంటి మెషిన్‌తో వీడియో ఉంటుందా అని ముందే అడగండి, చాలా చోట్ల ఉండదు. చూడటానికి ఫిట్‌లాగే ఉండి నిజానికి మూర్ఛ కానివి కూడా ఉంటాయి, డాక్టరుకి అనుమానం అదే అయితే ఒంట్లో ఏం జరుగుతోందో, మెదడు తరంగాల్లో ఏం జరుగుతోందో ఒకేసారి పక్కపక్కన చూడాలి. లేకపోతే ఏళ్ల తరబడి అక్కర్లేని మందులు కొంటూనే ఉంటారు, ఆ ఖర్చు ఈ టెస్టు కంటే ఎక్కువ.

వార్డులో కూడా డబ్బు వృథా అయ్యే దారి ఒకటుంది. టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, జెల్‌తో రుద్ది ఇరవైకి పైగా ఎలక్ట్రోడ్లు అంటించి, పైన బ్యాండేజీ గుడ్డ తలపాగాలా చుట్టేస్తాడు. తర్వాత పని మనదే. ఫిట్ రాగానే బటన్ నొక్కాలి, దుప్పటి లాగేయాలి, కెమెరాకి అడ్డం నిలబడకూడదు, పేరు పెట్టి పిలిచి పలుకుతున్నాడో లేదో పైకే చెప్పాలి. మా పక్క బెడ్ అమ్మ కంగారులో కొడుకుని కావలించుకుని కూర్చుంది, వీడియోలో ఆవిడ వీపు తప్ప ఏమీ పడలేదు, ఇంకో రోజు ఉండాల్సొచ్చింది. పాపం ఆవిడని ఏమంటాం.

ఇక ఇన్సూరెన్స్. ఇంటి ఈఈజీ ఓపీ, అంటే అడ్మిట్ కాకుండా చేయించుకునే వైద్యం, కిందకి వస్తుంది, పాలసీలో ఓపీ కవర్ లేకపోతే పైసా రాదు. అడ్మిట్ అయితే వస్తుందనుకుంటే అక్కడా ఒక మెలిక, కేవలం పరీక్షల కోసమే చేరితే ఇవ్వరు అనే మినహాయింపు మన హెల్త్ పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ 04 పేరుతో ఉంటుంది. అందుకే అడ్మిషన్‌కి ముందే టీపీఏకి, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి, పంపి రాతపూర్వకంగా అప్రూవల్ తెచ్చుకోండి. మందులు మార్చడం, తగ్గించడం, ఫిట్ వస్తే ఇచ్చే చికిత్స, ఇవన్నీ డాక్టరు లెటర్లో ఉండాలి. లేనిది రాయమని కాదు, జరిగేది రాయమని. పాలసీలో ఉన్న రూమ్ అద్దె లిమిట్ దాటారని మొత్తం బిల్లులో కోత పెడితే ఊరుకోకండి, ఆ కోతలోకి డయాగ్నస్టిక్స్, అంటే పరీక్షల ఖర్చు, రాకూడదని ఇన్సూరెన్స్ కంపెనీలపై నిఘా పెట్టే ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది, ఈ బిల్లులో పెద్ద పద్దు అదే కదా. తర్వాత మూర్ఛకి ఆపరేషన్ కోసం చేరితే, పాలసీని బట్టి అంతకుముందు 30 లేదా 60 రోజుల్లో అదే జబ్బుకి చేయించిన పరీక్షలు ప్రీ-హాస్పిటలైజేషన్, అంటే చేరకముందు ఖర్చుల, కింద అడగొచ్చు, బిల్లులు పారేయకండి.

ప్రైవేటా, ప్రభుత్వమా అంటే నా మొగ్గు దాచుకోను. మేం మొదట ఒక కార్పొరేట్ హాస్పిటల్లో ఎస్టిమేట్ తీసుకున్నాం, అందులో రికార్డింగ్ చార్జీ ఒకటి, రిపోర్ట్ చదివే ఫీజు ఇంకొకటి, రూమ్ వేరే, రోజుని 24 గంటలుగా లెక్కేస్తారా, తేదీ మారితే ఇంకో రోజు వేస్తారా అంటే కౌంటర్లో ఎవరూ చెప్పలేకపోయారు. రూమ్ అద్దె రోజుకి 5,000 దాటితే దానిమీద జీఎస్టీ కూడా. ఎమర్జెన్సీ కాకపోతే హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, ఆపరేషన్ ఆలోచన ఉంటే త్రివేండ్రం శ్రీచిత్ర, వీటిలో పేరు రాయించుకుని ఆగడమే మేలంటాను. డేటు దొరకడం కష్టం, నిజమే, పొద్దున్నే లైన్లో నిలబడే ఓపిక కావాలి, కానీ రోజూ అవే రికార్డింగులు చూసే కళ్లు అక్కడున్నాయి. తెల్లకార్డు వాళ్లు డబ్బు కట్టేముందు హాస్పిటల్లో ఉండే ఆరోగ్యమిత్రని కలిసి మీ కేసు ప్రభుత్వ ఆరోగ్య స్కీములోకి వస్తుందేమో కనుక్కోండి.

రాత్రి నిద్ర లేకుండా వెళ్లి చేయించుకునే స్లీప్ డిప్రైవ్డ్ ఈఈజీ కూడా ఉంది, తక్కువలో అయిపోతుంది, మీ డాక్టరు ఇంకా చేయించకపోతే ముందు అది అడగండి.

ఎక్కడ చేయించినా కాగితం రిపోర్టుతో సరిపెట్టుకుని ఇంటికి రాకండి. ఫిట్ వచ్చినప్పటి వీడియో, ఆ టైముకి ఉన్న తరంగాలు పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమనండి. అవి లేకపోతే రేపు ఇంకో హాస్పిటల్‌కి వెళ్లినప్పుడు మళ్లీ మొదటి నుంచి చేయించమనే అవకాశం ఎక్కువ, ఆ బిల్లూ మీదే.