స్కాట్లాండ్ పూర్వీకుల జాడకు ఏది మేలు: పారిష్ రిజిస్టరా, జనాభా లెక్కా?

స్కాట్లాండులో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకుముందు పుట్టిన పూర్వీకుణ్ణి వెతికేవారు ప్రధానంగా ఆధారపడేది స్కాట్లాండ్ చర్చి పారిష్ రిజిస్టర్ల (ఒక్కో పారిష్‌లో, అంటే ఒక్కో స్థానిక చర్చి పరిధిలో, జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసే పుస్తకాల) మీద, 1841 నుంచి పదేళ్లకోసారి పేర్లతో సహా తీసిన జనాభా లెక్కల మీద. స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైటులో రెండూ దొరుకుతాయి. పాతది కదా అని చాలామంది ముందుగా పారిష్ రిజిస్టరే తెరుస్తారు. నా దృష్టిలో అది తొందరపాటు.

రిజిస్టరు విలువ తక్కువేమీ కాదు. ఎర్రల్ పారిష్‌లో నమోదులు 1553 నాటికే కనిపిస్తాయి. స్కాట్లాండు స్త్రీలకు పెళ్లయ్యాక కూడా పత్రాల్లో పుట్టింటి ఇంటిపేరు నిలిచేది కనుక, బాప్తిస్మపు నమోదులో తల్లి వంశం కూడా తరచుగా చేతికందుతుంది. అయితే పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఆచారం, మనకు తెలిసినదే, అక్కడా ఉండేది. అన్నదమ్ముల పిల్లలంతా ఒకే పేరుతో ఒకే పారిష్‌లో ఎదురైతే మనవాడెవడో తేల్చడం కష్టం. పైగా 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకు మూడు పెన్నీల సుంకం ఉండడంతో కొందరు నమోదే మానుకున్నారు. 1843లో చర్చి చీలి ఫ్రీ చర్చి ఏర్పడ్డాక, అటు వెళ్లిన కుటుంబాలు ఈ పుస్తకాల్లో కనబడకపోవచ్చు. ఖననాల వివరాలైతే చాలాచోట్ల అరకొరే.

అసలు ఏ పారిష్‌లో వెతకాలో చెప్పేది జనాభా లెక్క. 1851 నుంచి వయసు, ఇంటి యజమానితో బంధుత్వం, పుట్టిన పారిష్ రాశారు. 1841 నాటిది మాత్రం బలహీనం: పదిహేనేళ్లు దాటినవారి వయసును సాధారణంగా అయిదు గుణిజానికి తగ్గించారు, బంధుత్వం రాయలేదు, పుట్టిన పారిష్ బదులు పుట్టుక ఆ కౌంటీలోనా (మన జిల్లా లాంటిది) కాదా అన్నది అడిగారు. వయసులు లెక్కలెక్కకూ మారతాయి కాబట్టి కనీసం రెండు దశాబ్దాలవి పోల్చుకోవాలి.

ఉదాహరణకు, దత్త మండలాల కలెక్టరు థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి 1827లో పత్తికొండలో కన్నుమూశాడు. ఆ తరంవారికి జనాభా లెక్క అక్కరకు రాదు, రిజిస్టరే గతి. తర్వాతి తరాలకు మాత్రం నేను 1851 లెక్కతోనే మొదలుపెడతాను. వెతుకుతున్న వ్యక్తి 1855 తర్వాత స్కాట్లాండులోనే మరణించి ఉంటే, రిజిస్టరు కంటే ముందు మరణ పత్రం తెప్పించుకోవడం మంచిది: సమాచారమిచ్చినవారికి తెలిసినంతలో తల్లిదండ్రులిద్దరి పేర్లూ అందులోనే ఉంటాయి.