మాగ్నెటిక్ సైకిల్ ట్రైనరు: మూడు చలికాలాల వాడకం తర్వాత

ధనుర్మాసంలో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు కరకట్ట ఎక్కితే, పొగమంచులో ఎదురొచ్చే బండి లైటు మీదకొచ్చేదాకా కనపడదు. ఆరున్నర అయితే గానీ పొద్దు పొడవదు. తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉండాల్సినవాళ్లకు ఆ చీకట్లో తొక్కడం ప్రమాదం, వెలుగొచ్చాక తొక్కే తీరిక ఉండదు. సైకిల్ని నిలబెట్టి ఉన్నచోటే తొక్కుకునే స్టాండు, అంటే ట్రైనరు, ఇంట్లో అక్కరకొచ్చేది అప్పుడే.

నేను వాడుతున్నది వెనక చక్రాన్ని రోలరుకు ఆనించి తొక్కే మాగ్నెటిక్ రకం, అంటే అయస్కాంతాలతో తొక్కుడుకు బరువు పుట్టించేది. పది వేల లోపు ధర, వారానికి నాలుగు రోజుల వాడకం. చక్రం ఊడదీసి చెయిను నేరుగా తగిలించే స్మార్ట్ ట్రైనర్లు దీనికి నాలుగైదు రెట్లుంటాయి. తొక్కే బలాన్ని వాట్లలో లెక్కపెట్టుకుంటూ పోటీలకు తయారయ్యేవాళ్లకు అవి కావాలి. దమ్ము తగ్గకుండా ఉంటే చాలనుకునేవాళ్లకు ఇదే మేలు. సిలికాన్ నూనెతో పనిచేసే ఫ్లూయిడ్ రకం చప్పుడు తక్కువ, తొక్కుతుంటే రోడ్డు మీద ఉన్నట్టే ఉంటుంది. కానీ సీలు పోయి నూనె కారడం మొదలైతే మన దగ్గర బాగుచేయించుకోవడం కష్టం. మాగ్నెటిక్‌లో కారేదేమీ లేదు, కరెంటుతో పనిలేదు. మిగిలిన డబ్బు టైరు, మ్యాటు, ఫ్యాను మీద పెట్టండి. ఈ మూడూ లేకుండా ట్రైనరొక్కటే కొంటే రెండో నెలకల్లా అది అటకెక్కుతుంది.

కొనేముందు మీ సైకిలు వెనక ఇరుసు చూడండి. క్విక్ రిలీజ్ (పానా లేకుండా చిన్న పిడి తిప్పి విప్పేది) ఉంటే ట్రైనరుతో ఇచ్చే ఉక్కు స్క్యూయర్‌నే, అంటే ఇరుసులోంచి దూర్చే సన్న కడ్డీనే, బిగించాలి. సైకిలుతో వచ్చిన దాని తల ట్రైనరులో ఇరుసు కొసను పట్టే గిన్నెలో సరిగా కూర్చోదు, నొక్కుకుపోతుంది కూడా. 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (ఫ్రేములోకే మరతో బిగించే లావు ఇరుసు) అయితే దానికి తగ్గ అడాప్టరు విడిగా కొనాలి. చవక గేరు సైకిళ్లలో చాలావాటికి రెండు వైపులా పానాతో బిగించే నట్లుంటాయి. ఆ మామూలు నట్టు గిన్నెలో జారుతుంది, శంకువు ఆకారంలో ఉన్న నట్లు కావాలి. బజార్లో దొరక్కపోతే మీ పాత నట్టును ఆటోనగర్‌లో లేతు పనివాళ్లకు చూపించి అదే మరతో (లోపలి చుట్ల గాడితో) చేయించుకోవచ్చు. నోటిమాటగా కొలత చెప్పొద్దు. 10 మిల్లీమీటర్ల మరకూ 3/8 అంగుళం మరకూ తేడా కంటికి తెలియదు, బలవంతంగా ఎక్కిస్తే ఇరుసు మర చెడుతుంది. సైడు స్టాండు, క్యారియరు ఇరుసు దగ్గర అడ్డొస్తే ముందే తీసేయాలి. బిగించాక సీటు పట్టుకుని సైకిల్ని రెండు పక్కలకీ గట్టిగా ఊపండి. ఇరుసు గిన్నెలో ఏ మాత్రం కదిలినా ఎక్కొద్దు.

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం టైరు, రోలరు ఆనుకునే చోటే పుడతాయి. టైరు రోలరుకు తగిలిన తర్వాత రోలరును టైరుకు బిగించే మర పిడిని ఇంకో రెండు, రెండున్నర చుట్లు తిప్పాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చేత్తో ఫ్లైవీల్‌ను, అంటే రోలరుతో పాటు తిరిగే బరువైన చక్రాన్ని, కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో టైరును ముందుకు తోయండి. టైరు జారితే ఇంకో పావు చుట్టు. మరీ బిగిస్తే రబ్బరు వేడెక్కి అరుగుతుంది, రోలరు బేరింగుల మీద భారం పడుతుంది. గాలి ప్రతిసారీ ఒకే లెక్కన ఉండాలి. 700x25 కొలత ఉన్న సన్న రోడ్డు టైరుకు 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకుండా. బొటనవేలితో నొక్కి చూస్తే లాభం లేదు, గేజీ ఉన్న పంపు తప్పదు. గాలి పది పీఎస్ఐ తగ్గితే చాలు, నిన్న తొక్కిన గేరే ఇవాళ బరువవుతుంది, మనమేమో కాళ్లలో బలం తగ్గిందనుకుంటాం.

రోలరు కింద తెల్ల కాగితం పరిచి అరగంట తొక్కండి. కాగితం మీద నల్లటి పొడి పలచగా రాలితే సహజమే. వేలితో ఎత్తేంత పడి, రబ్బరు కాలిన వాసన వస్తే టైరు జారుతోందన్నమాట. తడిగుడ్డతో టైరు, స్పిరిటుతో రోలరు తుడిచి బిగింపు మళ్లీ చూసుకోవాలి. గుబ్బల టైరున్న ఎమ్‌టీబీ (కొండదారుల సైకిలు) అయితే ముందు నున్నటి స్లిక్ టైరు వేయించండి. గుబ్బలు రోలరు మీద చేసే మోతకు కింది ఫ్లాటువాళ్లు నిద్రలేచి పైకొస్తారు. ట్రైనరు కోసమే అమ్మే గట్టి రబ్బరు టైరు ఎక్కువకాలం మన్నుతుంది కానీ రోడ్డు మీద పట్టు ఉండదు, దానితో బయటికి వెళ్లొద్దు.

గ్రానైటు నేల మీద ట్రైనరు కాళ్లు జరుగుతాయి, అదురు కిందికి పోతుంది. యోగా మ్యాటు ఆ కాళ్ల కింద నలిగి పలచబడిపోతుంది. గేదెల కొట్టాల్లో పరిచే మందపాటి రబ్బరు మ్యాటు ఒక ముక్క కోయించుకుంటే ఏళ్లు వస్తుంది. కొత్తలో వాసన ఘాటుగా ఉంటుంది, వారం రోజులు డాబా మీద ఆరనివ్వండి. ముందు చక్రం కింద కడప బండ ముక్కలు, పైన పాత ట్యూబు పెట్టి ఎత్తు సరిచేయండి. రెండు ఇరుసుల ఎత్తూ నేల నుంచి టేపుతో కొలిస్తే సమానంగా రావాలి. ముందు పల్లంగా ఉంటే బరువంతా అరచేతుల మీదికొచ్చి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

విజయవాడలో చలికాలమైనా ఫ్యాను లేకుండా ట్రైనరు తొక్కలేం. బయట 20 డిగ్రీలున్నా, గదిలో గాలి కదలకపోతే పది నిమిషాల్లో చెమట ధారకడుతుంది. సీలింగు ఫ్యాను చాలదు. పెడెస్టల్ ఫ్యాను మూడు నాలుగు అడుగుల దూరంలో ఛాతీకి ఎదురుగా ఉండాలి. తొక్కకముందూ తర్వాతా మీ ఒంటి బరువు చూసుకోండి. మధ్యలో నీళ్లు తాగకపోతే, తగ్గిన ప్రతి కిలోకూ సుమారు లీటరు చెమట పోయినట్టు. ఆ ఉప్పునీరు హ్యాండిలు టేపు కిందికి, హ్యాండిల్ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల తలల్లోకి దిగుతుంది. తెల్లటి చారికలు కనిపిస్తే అప్పటికే తుప్పు మొదలై ఉంటుంది. పై గొట్టం మీద తువ్వాలు కప్పడం, దిగగానే తడిగుడ్డతో తుడవడం, ఆర్నెల్లకోసారి హెడ్‌సెట్ (హ్యాండిలు తిరిగే చోటి బేరింగులు) విప్పి గ్రీజు పెట్టించడం అలవాటు చేసుకోవాలి.

ట్రైనరులో తొక్కుడు బరువు మార్చే వైరు లీవరు ఈ ధరలో అన్నిటికంటే బలహీనమైన భాగం. మధ్య మెట్టులో పెట్టి వదిలేసి సైకిలు గేర్లతోనే బరువు మార్చుకోండి. పావుగంట తర్వాత అదే గేరు తేలికైనట్టుంటే కంగారు వద్దు. అయస్కాంతాల పక్కన తిరిగే అల్యూమినియం పళ్లెం వేడెక్కితే నిరోధం కొంత తగ్గుతుంది. ఒక పూట తొక్కే వరస ఇలా పెట్టుకోండి: పది నిమిషాలు తేలిగ్గా, తర్వాత ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు మాటలు తెగిపోయేంత గట్టిగా, నడుమ మూడేసి నిమిషాలు నెమ్మదిగా, చివర ఆరు నిమిషాలు చల్లబడేలా. మొత్తం ముప్పావుగంట.

సెకండ్ హ్యాండులో కొంటే రోలరును చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వినండి. గరగరమంటే బేరింగు పోయినట్టే. దాని అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, అది చూపిస్తే ఆటోనగర్ బేరింగు షాపుల్లో దొరుకుతుంది. ఫ్రేము వెల్డింగు దగ్గర చీలిక కనిపిస్తే మాత్రం ఎంత తగ్గించి ఇస్తామన్నా వదిలేయండి.